లగ్జరీ కారుకు బ్రేక్ ప్యాడ్లు

బెంజ్, బీఎండబ్ల్యూ వంటి కార్లకు ప్యాడ్లు అరిగితే కంపెనీ డబ్బాలో వచ్చినవే వేయించాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. కార్ల కంపెనీలు సాధారణంగా ప్యాడ్లను సొంతంగా తయారు చేసుకోవు. టెక్స్టార్, జురిడ్ వంటి తయారీదారుల దగ్గర కొంటాయి. వాళ్లే తమ పేరుతో అమ్మే ప్యాడ్లు చాలాసార్లు తక్కువ ధరకే దొరుకుతాయి. మరి బయటి సరుకును నమ్మేదెలా? ప్యాడ్ వెనక ఇనప రేకు మీద వలయంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, దగ్గర్లోనే 90ఆర్‌తో మొదలయ్యే అనుమతి సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఆ గుర్తులు సూచించే, ఐరోపాలో అమలయ్యే నిబంధన ప్రకారం, పరీక్షలో ప్యాడ్ పనితీరు అసలుదానికి 15 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు.

నకిలీవాళ్లు ఆ ముద్ర కూడా కొట్టగలరంటారా? నిజమే. అందుకే మరీ చౌక బేరానికి పోకుండా అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనాలి. కారు ఇంకా వారంటీలో ఉంటే ముందు షరతులు చదవండి. ఇక ప్యాడ్ రకం సంగతి: సిరామిక్‌వి వేస్తే చక్రాలకు నల్లదుమ్ము తక్కువ, చప్పుడూ తక్కువ. కానీ రెండు టన్నుల బండిని హైవే వేగం నుంచి పదేపదే ఆపాల్సి వస్తే, వేడిని తట్టుకునే గుణమే ముఖ్యం. దుమ్ముదేముంది, కడిగితే పోతుంది! ప్యాడ్లతో పాటే అరుగుదల సెన్సర్ మార్పించండి, డిస్క్ మందమూ కొలిపించండి.