పెద్దమ్మ, మంత్రగత్తె: ఒక ముదుసలి రెండు రూపాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు కథలలో దారి తప్పిన రాజకుమారునికి అన్నం పెట్టి, ఉపాయం చెప్పే పేదరాశి పెద్దమ్మ అందరికీ పరిచితురాలే. ఐరోపా కథలలో ఆ తావున తరచుగా ఎదురయ్యేది ‘హ్యాగ్’, అనగా గూనివీపు, వంకరముక్కు గల ముసలి మంత్రగత్తె.

ఈ పదానికి మూలం ప్రాచీనాంగ్లంలోని ‘హాగ్‌టెస్సె’. జర్మన్ భాషలోని ‘హెక్సె’ దానికి జ్ఞాతిపదం. వీటి మొదటి భాగానికి ‘కంచె’ అని అర్థమని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఆ లెక్కన ఆమె ఊరికీ అడవికీ నడుమ హద్దున మెలగే స్త్రీ. నిద్రలో కాలుచేతులు కదలక, ఎదపై ఎవరో కూర్చున్నట్లు తోచే స్థితిని కూడా ఆంగ్లేయులు ఈమె చేష్టగానే భావించారు. మెలకువ వచ్చినా కండరాలు నిద్ర వీడకపోవడమే అందుకు కారణమని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఆమె అంతటా చెడ్డది కాదు. రష్యా కథలలోని బాబా యాగా కోడికాళ్ళ గుడిసెలో ఉండి ఒకరిని భయపెడుతుంది, మరొకరికి దారి చూపుతుంది.

కథలోని భయం న్యాయస్థానానికి ఎక్కినప్పుడు ఘోరం జరిగింది. 15 నుండి 18వ శతాబ్దం వరకు ఐరోపాలో మంత్రగత్తెలన్న నేరం మోపి సుమారు 40 నుండి 50 వేలమందిని చంపారని చరిత్రకారుల అంచనా. వారిలో అత్యధికులు స్త్రీలు. స్విట్జర్లాండులోని గ్లారుస్‌లో 1782లో శిరచ్ఛేదానికి గురైన అన్నా గోల్డిని నిర్దోషిగా అక్కడి శాసనసభ 2008లో ప్రకటించింది. అందుకు 226 ఏళ్ళు పట్టింది.

కృష్ణా తుంగభద్రల నడుమ, తెలుగు కన్నడాలు రెండూ వినిపించే గిల్లేసూగూరు ప్రాంతానికి ఇది పరాయి కథ కాదు. 1990వ దశకంలో కన్నడ ఇళ్ళ తలుపులపై ‘నాళె బా’ అనీ, తెలుగు ఇళ్ళపై ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ వ్రాసుకొన్నారు. భాషలు రెండైనా భయం ఒక్కటే. తలుపుమీది వ్రాతతో ఎవరికీ హాని లేదు. పశువు చచ్చిందనో, బిడ్డకు జ్వరం తగ్గలేదనో బాణామతి పేరిట తోడులేని ముదుసలిపై వేలెత్తి చూపినప్పుడే ప్రాణాపాయం.

దురాచారాలను, చేతబడిని నిషేధిస్తూ కర్ణాటక 2017లో చట్టం చేసింది. అది 2020లో అమలుకు వచ్చింది. అయితే గుంపు కూడిన క్షణాన చట్టం కన్న ముందుగా అక్కడ ఉండేది చదువుకొన్న పిల్లవాడే. “అవ్వను వదలండి, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోదాం” అని అతడు ధైర్యంగా అనగలిగిననాడు ఈ బడి 75 ఏళ్ళ శ్రమ ఫలించినట్లే.