చీర: చిత్రమా? వస్త్రమా?



పట్టుచీర కళయా, కట్టుబట్టయా యను ప్రశ్న నేడు పట్టణములలో వినవచ్చుచున్నది. ప్రదర్శనశాలలవారు దాని నద్దాల పెట్టెలోనుంచి కళ యనుచున్నారు. అంగళ్లవారు ఫ్యాషనని యనుచున్నారు. మగ్గముకడ గూర్చున్న మనము చెప్పవలసినదియు నొకటి గలదు.

లేపాక్షి వీరభద్రాలయమును జూడుడు. 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ నిర్మింపించిన యా యాలయపు పైకప్పున శివపార్వతుల కల్యాణము చిత్రింపబడియున్నది. అందలి స్త్రీల చీరలను, అంచులను, పూవులను చిత్రకారు డెంత శ్రద్ధతో దీర్చెనో! అవి మడతపెట్టిన వస్త్రములు గావు; కట్టుకొన్న వస్త్రములు. ఆ పూవులును, లతామండప స్తంభములపై చెక్కిన తీగలును ధర్మవరపు మగ్గముల కెక్కి అంచులుగను, కొంగులుగను మారినవి. వస్త్రము చిత్రమయ్యెను, చిత్రము మరల వస్త్రమయ్యెను. ఈ రెంటి నడుమ గీత యెచ్చట గీయవలెను?

ధర్మవరపు చీరకు మఱియొక విశేషము గలదు. పడుగొక రంగు, పేకయొక రంగుగ నేసినపుడు జంటఛాయ పుట్టును. బల్లపై పఱచినపు డది పూర్తిగా గానరాదు. కట్టుకొన్న యింతి నడచునపుడు, కుచ్చెళ్లు కదలునపుడు, రెండవ రంగు మెఱయును. కావున కట్టనిదే మన కళ పూర్తిగాదు.

సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు నీ కఱవుసీమలో మనకు మగ్గమే మాగాణి. ఆ మాగాణికి నేడు గట్టు తెగుచున్నది. 1985 నాటి కేంద్రశాసనము చీర మొదలగు కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించెను. ధర్మవరపు పట్టుచీరలకును, పావడలకును భౌగోళిక గుర్తింపు లభించెను. అయినను మన డిజైనులు మరమగ్గముల కెక్కి చవుకగా నమ్ముడగుచున్నవి. కళయని పొగడువారు డిజైను గీచినవాని పేరడుగరు. ఫ్యాషనని కొనువారు నేసినవాని పేరడుగరు.

కావున నా మనవి యిది. మన సంఘమొక చిట్టా నుంచవలెను. ప్రతి పాత యంచునకును, కొంగునకును నమూనాయు, గీచినవాని పేరును, నేసినవాని పేరును, సంవత్సరమును అందు వ్రాయవలెను. జాకార్డు అట్టలను పాఱవేయక భద్రపఱుపవలెను. పోషకులారా! మీ యింటి పెండ్లికి చీర కొనునపుడు నేసిన దెవరని యొక్కమా రడుగుడు. ఆ ప్రశ్నయే మాకు సన్మానము; మా పిల్లలను మగ్గముకడ నిలుపునదియు నదియే.

శ్రీ చౌడేశ్వరీదేవి మనల ననుగ్రహించుగాక! స్వస్తి.