గూళ్లకు ఇచ్చిన గడువు

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో ఒక స్లమ్ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, లింకేజీ అప్పులు, వసూళ్లు అన్నీ ఇప్పటిదాకా విన్నారు. మా సమాఖ్య లెక్కల్లో ‘సున్నం పని అడ్వాన్సు 1,500 రూపాయలు, తిరిగి రాలేదు’ అని ఒక పద్దుంది. అదేమిటని చాలామంది అడిగారు. ఆ సంగతే చెప్తాం.

మేం సమావేశాలు పెట్టుకునే పాత హాలు వరండాలో, దూలాల కింద పిట్టల గూళ్లున్నాయి. నల్లటి చిన్న పిట్ట, నడుం మీద తెల్లమచ్చ, కొడవలిలా వంగిన రెక్కలు. మేం వానకోయిల అనేస్తాం గానీ, తెలిసినవాళ్లు దీన్ని స్విఫ్ట్ అంటారు. గాల్లో ఎగిరే ఈకల్నీ గడ్డిపరకల్నీ పట్టుకొచ్చి, ఉమ్మితో అతికించి గూడు కడుతుంది. గాల్లోనే పురుగుల్నీ ఉసిళ్లనీ పట్టి తింటుంది.

వీటితో మాకు పేచీ లేకపోలేదు. అప్పడాల సంఘం వాళ్లు వరండాలో చాపలు పరుస్తారు. వాటిమీద రెట్టలు పడేవి. ఒకసారి చాపెడు అప్పడాలు పారబోయాల్సొచ్చింది. అందుకే ఏప్రిల్‌లో సున్నం వేయించేటప్పుడు గూళ్లు కూడా దులిపించాలని తీర్మానం రాసి, అందరం సంతకాలు పెట్టాం.

మొదటి రోజే కర్రతో మూడు గూళ్లు రాల్చారు. రెండింట్లో పిల్లలున్నాయి. ఒంటిమీద ఈకలు కూడా సరిగా రాలేదు. గుడ్డలో పెట్టి చూశాం, నీళ్లు పట్టబోయాం. ఈ పిట్ట కాళ్లు మరీ పొట్టివి. గోడను పట్టుకుని వేలాడగలదు గానీ తీగమీద వాలలేదు, నేలకు దిగి పిల్లకు మేత పెట్టదు. తల్లులు పైన అరుస్తూ తిరుగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి పిల్లలు చచ్చిపోయాయి. తప్పు మాదే. దాన్ని నివేదికలో దాచదలుచుకోలేదు.

ఆ రాత్రే కూర్చున్నాం. ‘సగం చేశాం, మిగతాది కూడా కానిచ్చేద్దాం’ అన్నారు కొందరు. ‘మా సరుకు పోతే ఎవరిస్తారు?’ అన్నారు అప్పడాల సంఘం వాళ్లు. అదీ న్యాయమే. అప్పుడు ఒక అక్క అంది: ‘ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు పిల్లాడి పరీక్షలయ్యేదాకా గడువు అడిగాను. ఓనరు ఇచ్చాడు. ఇవి నోరు తెరిచి అడగలేవు గదా!’ ఇంకెవరూ మాట్లాడలేదు. పని ఆపించాం. అడ్వాన్సు పోయింది.

అడిగి తెలుసుకున్నాం. గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో ఐదు వారాల పైనే పడుతుంది. ఒకసారి కట్టిన గూటినే మళ్లీ మళ్లీ వాడుకుంటాయి. గూళ్లకు కాస్త కిందగా చెక్కలు కొట్టించాం. రెట్టలు ఇప్పుడు వాటిమీదే పడుతున్నాయి. వారానికో సంఘం వంతున తుడుస్తోంది. అప్పడాల చాపలు మేడమీదకు మార్చాం. వానలు తగ్గి, పిల్లలు ఎగిరిపోయాక, గూళ్లు ముట్టుకోకుండా చుట్టూ సున్నం వేయించాం.

ఇలా చేసింది మేమొక్కళ్లమే కాదు. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగను జనం అశుభమనేవారు, అది గూడు కట్టే చెట్లను నరికేసేవారు. పూర్ణిమాదేవి బర్మన్ గారు అక్కడి ఆడవాళ్లను కూడగట్టారు. వాళ్లు ఆ కొంగలకు సీమంతం చేస్తారు, చీరలమీద దాని బొమ్మ నేస్తారు. 2022లో ఆమెకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. ఇంగ్లండులోని బ్రైటన్‌లోనైతే 2020 నుంచి 5 మీటర్లు దాటిన కొత్త భవనాల గోడల్లో స్విఫ్టుల కోసం గుల్ల ఇటుకలు పెట్టాలని నిబంధన ఉంది. మన దగ్గర పాత దూలాలు పోయి, నున్నటి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటిలో ఇలాంటి పిట్టలకు చోటు దొరకడం కష్టం.

దోమలన్నీ ఇవే తినేస్తాయని చెప్పం. ఇవి ఉంటే లాభమొస్తుందనీ చెప్పం. మన వార్డుల్లో పాత బడి, హాలు, వంతెన ఏది బాగుచేసినా, సున్నం వేసినా, ముందు తలెత్తి చూడండి. పిల్లలుంటే ఆ రెండు నెలలు ఆగమని చెప్పండి. కిస్తీకి ఒక్క వారం గడువు దొరికితే ఎంత ఊపిరి పీల్చుకుంటామో మనకు తెలియనిది కాదు.

రాల్చిన మూడు చోట్లలో ఒకచోట ఇప్పుడు మళ్లీ గడ్డిపరకలు అతుకుతున్నాయి. ఈసారి సమావేశానికి మా హాలుకు రండి, చూపిస్తాం.

సెలవు.