యోగ్యుని నెన్నుకొను విధము



బాలురకు సంధిసమాసములు బోధించుచు కాలము గడిపి విశ్రాంతి గొన్న నావంటివాని నీ మహాసభలో మాటాడుమని ఆదేశించుట మీ సౌజన్యమునకు నిదర్శనము. ఉద్యోగములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నారు. ఉద్యోగము సంపాదించు మార్గమును బోధించువారు పెక్కురు గలరు. ఉద్యోగ మిచ్చువాడు యోగ్యుని నెట్లెన్నుకొనవలయునో చెప్పువారు మాత్ర మరుదు. ఈ సభలో అంగళ్ల యజమానులును, కార్ఖానాదారులును, పాఠశాలా నిర్వాహకులును, ధర్మకర్తలును గలరు. కావున ఈ రెండవ విషయమునే మీకు విన్నవించెదను.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. 1909వ సంవత్సరమున మైసూరున శ్యామశాస్త్రిగారిచే ప్రకటింపబడిన కౌటిల్యుని యర్థశాస్త్రమున, మొదటి యధికరణమునందే, అమాత్యుల నెట్లు నియమింపవలయునను చర్చ గలదు. సహాధ్యాయులను నియమింపుమని భారద్వాజుడు పలికెను. వారి శుచిత్వమును సామర్థ్యమును రాజెరిగియుండును గదా యని యతని తలంపు. కలసి యాడుకొన్నవారు రాజును లెక్కచేయరని విశాలాక్షు డాక్షేపించి, పరస్పర రహస్యము లెరిగినవారే మేలనెను. రహస్య మెరిగినవానికి రాజే లోబడవలసివచ్చునని పరాశరుడు ఖండించి, ప్రాణాపాయమున నాదుకొన్నవారిని జూపెను. అది భక్తియే కాని బుద్ధి కాదని పిశునుడు పలికి, పని నప్పగించినప్పుడు నిర్ణయించిన యాదాయమును గాని యంతకు మించి గాని సాధించినవారిని గ్రహింపుమనెను. తాతతండ్రుల నుండి వచ్చుచున్నవారే మేలని కౌణపదంతుడును, వా రన్నిటిని తమ చేతిలోనికి దీసికొందురు గనుక క్రొత్తవారే మేలని వాతవ్యాధియు వాదించిరి. శాస్త్రము దెలిసినను అనుభవము లేనివాడు కార్యమున చెడునని చెప్పి బాహుదంతీపుత్రుడు కులము, ప్రజ్ఞ, శుచిత్వము, శౌర్యము, అనురాగము గలవానిని గోరెను.

ఇందరి మాటలను విని కౌటిల్యు డందరును యుక్తమే పలికిరని యొప్పుకొని, పురుషుని సామర్థ్యము నతడు చేయు కార్యమును బట్టియే నిర్ణయింపవలయునని తేల్చెను. సోదరులారా! మన యింట, మన యంగడిలో, మన సంఘమున నేటికిని జరుగు వాదములన్నియు ఈ వాదములే. మా వానితో చదువుకొన్నవాడని యొకరు, మా నాయనగారి కాలము నుండి మన వద్దనున్న కుటుంబమని యొకరు, మన వాడైన నోరెత్తడని యొకరు. సిద్ధాంతము మాత్రము మరచితిమి.

మన నగర చరిత్రమే ఇందుకు సాక్ష్యము. 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు రాజ్యపరిపాలనమును చక్కదిద్దదలచి ఉత్తరదేశము నుండి విద్యావంతులను రప్పించెను. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మోహ్‌సినుల్ముల్క్ బిరుదాంకితులైన మెహదీ అలీ మున్నగువా రట్లు వచ్చినవారు. వంగదేశము నుండి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వచ్చి విద్యాశాఖకు దోహద మొనర్చిరి. ఇది వాతవ్యాధి మతము. వారివలన మేలు కలుగలేదని యెవరు ననజాలరు. కాని వచ్చినవారు తమవారిని దెచ్చుకొనగా, ఇచ్చటి పిల్లలకు తలుపులు మూసికొనినవి. ముల్కీలు, గైరుముల్కీలు అను భేద మట్లు ప్రబలినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. మరునాటి సంవత్సరమున నిజాము ఫర్మానా వలన ముల్కీ నియమములు స్థిరపడినవి. ఈ రాజ్యమున పుట్టినవారికి గాని పదునైదేండ్లు స్థిరనివాస మున్నవారికి గాని ఉద్యోగార్హత యని యేర్పాటు.

పోలీసుచర్య యనంతరము బయటినుండి వచ్చినవారు కొందరు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగములలో ప్రవేశించిరను నారోపణ చెలరేగి, 1952లో విద్యార్థు లాందోళన సాగించిరి. సెప్టెంబరు మొదటి వారమున, మూసీ యొడ్డునున్న సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణములు గోల్పోయిరి. 1956 నాటి పెద్దమనుషుల యొప్పందమున పండ్రెండేండ్ల నివాస నియమము చేరినది. 1969లో నివాసార్హత చట్టమును సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది; 1972లో నదే న్యాయస్థానము పాత ముల్కీ నియమములు చెల్లునన్నది. 1973లో ఆరుసూత్రముల పథకము, రాజ్యాంగమున 371డి అధికరణము, 1975లో రాష్ట్రపతి యుత్తర్వు వచ్చినవి. 2014లో తెలంగాణము ఏర్పడినది. 2018 నాటి రాష్ట్రపతి యుత్తర్వు స్థానికులకు నూటికి తొంబదియైదు కొలువులను కేటాయించినది.

ఇన్నేండ్ల తగవులో ఎల్లరు నడిగిన ప్రశ్న యొకటే: వీ డెచ్చటివాడు? అది న్యాయమైన ప్రశ్నయే. ఒక దేశపు కొలువులలో నా దేశపు బిడ్డలకు భాగము లేకున్న నది యన్యాయము. కాని యది మొదటి ప్రశ్న మాత్రమే. వీ డేమి చేయగలడు అను రెండవ ప్రశ్నకు మొదటిది బదులు కానేరదు. స్థానికులలోనుండి కూడ యోగ్యుని నేరవలసియే యున్నది.

అందుకు పరీక్ష యున్నది గదా యందురు. చీనాదేశమున పరీక్షలచే నధికారులను దీయు పద్ధతి శతాబ్దములు సాగి 1905లో రద్దయినది. ఇండియను సివిల్ సర్వీసునకు పోటీపరీక్ష 1855లో ఆరంభమైనది. పరీక్ష సిఫారసు చీటి కంటె నెంతయో మేలు. అయిన పరీక్ష పెట్టువారు శుచులు కానిచో నదియు వ్యర్థము. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్షను, ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున, మన రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమీషను 2023 మార్చిలో రద్దు చేయవలసివచ్చినది. తిరిగి జరిపినదానిని అదే సంవత్సరము సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము రద్దు చేసినది. అప్పుచేసి శిక్షణ పొందిన పిల్లల దుఃఖమును మీ యిండ్లలోనే చూచియుందురు.

ఇక మన సంగతికి వత్తము. మనది కులసంఘము. మన సంస్థలలో మనవారినే నియమింపవలయునని పలువురి కోరిక. ఆ కోరికలోని వాత్సల్యమును నేను తప్పుపట్టను. కాని నే నెరిగిన యొక పాఠశాలలో నిర్వాహకుని మేనల్లునికి గణితోపాధ్యాయత్వ మిచ్చిరి. అతడు మంచివాడే, గణితము మాత్రము రాదు. నాలుగేండ్లలో ఆ బాలురు లెక్కలన్నచో భయపడజొచ్చిరి. నష్టపోయినవా రెవరు? బాలురు మొదటివారు. ఆ యుద్యోగమునకు దరఖాస్తు పెట్టి, పట్టాయుండియు మేనమామ లేకపోవుటచే వెనుదిరిగిన యొక పేదయువకుడు రెండవవాడు. అతడును ఆ కులమువాడే. తనకు దగిన పని నేర్చుకొనక, తోటివారి చిన్నచూపునకు గురియైన మేనల్లుడు మూడవవాడు. సిఫారసు వలన కులమునకు మేలగునను మాట భ్రమ. కులములో పెద్దల యండ గలవానికి మేలగును. అండలేని పేద కీడగును. అట్టి పేదకొరకే గదా మనము సంఘమును స్థాపించుకొన్నది!

తెలిసినవాడైన నమ్మకముండునందురు. చార్‌కమాను కంసాలి తన పనివానిచేతికి బంగారము నిచ్చును. అతనికి నమ్మక మావశ్యకమే. కాని యతడు క్రొత్తవానికి తొలినాడే తులము బంగార మీయడు. చిన్నపని నిచ్చి, తూచి యిచ్చి తూచి పుచ్చుకొనును. నమ్మక మట్లు పెరుగును. లాడ్‌బజారులో లక్కగాజుల పనివాని కొడుకు గాజులు చక్కగా చేయుట రక్తమహిమచే గాదు. పదియేండ్ల ప్రాయము మొదలు కొలిమి వద్ద కూర్చుండి చూచుటచే. అట్లు కూర్చున్న పరుని బిడ్డకు నా పని యట్లే పట్టుబడును.

నేటి మనశ్శాస్త్రజ్ఞులును ఇట్లే చెప్పుచున్నారు. శ్మిట్, హంటర్ అను అమెరికా పండితులు ఎనుబదియైదేండ్ల పరిశోధనలను సమీక్షించి 1998లో ప్రకటించిన వ్యాసమున, అభ్యర్థిచే నా పనినే కొంత చేయించి చూచుటయు, అందరి నొకే క్రమమున ప్రశ్నించుటయు మంచి పరీక్షలని తేల్చిరి. ఎన్నియేండ్లు పని చేసితివన్న లెక్క వలన తెలియునది స్వల్పమనిరి. కౌటిల్యుని తీర్పునకు క్రొత్త సాక్ష్యము దొరకినదనుకొనుడు.

ఇంకొక మాట. కౌటిల్యుడు ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు విధముల శుచిత్వపరీక్షలను చెప్పి, ధనమున చలింపనివానికి ధనాగారము, ధర్మమున చలింపనివానికి న్యాయస్థానము అని విభజించెను. పనికి దగిన పరీక్ష యనుటయే ఇందలి సారము. కల్లకపటములు లేనివానిని ప్రలోభపెట్టి చెరుపరాదనియు నతడే హెచ్చరించెను. కావున కొలువుకు వచ్చినవానిని వంచించి పరీక్షింపవలదు.

ఈ మహాసభవా రంగీకరింతురేని, మన వసతిగృహమునకు, పాఠశాలలకు, కార్యాలయమునకు ఈ క్రింది పద్ధతి నవలంబింప ప్రార్థించుచున్నాను.

ఒకటి: పనివాని వెదకుటకు ముందు ఆ పని యెట్టిదో, జీతమెంతో ఒక కాగితముపై వ్రాయవలయును. ఏ పనియో యజమానికే తెలియనిచో యోగ్యు డెవడో యెట్లు తెలియును?

రెండు: ఖాళీని పత్రికలలో నందరకు తెలియునట్లు ప్రకటింపవలయును. స్త్రీలును దరఖాస్తు పెట్టవచ్చునని స్పష్టముగా వ్రాయవలయును.

మూడు: ఉపాధ్యాయునిచే పాఠము చెప్పించి, గుమాస్తాచే ఒక పుట లెక్క వ్రాయించి, వంటవానిచే వంట చేయించి చూడవలయును.

నాలుగు: ముగ్గురు పరీక్షకులు అందరి నొకే ప్రశ్నలడిగి, ఒకరితో నొకరు మాటాడుటకు ముందే వేర్వేరుగా మార్కులు వేయవలయును. అభ్యర్థి తమ బంధువైనచో నా పరీక్షకులు లేచి వెలుపలికి పోవలయును.

అయిదు: ఆరు నెలలు జీతమిచ్చి చూచి, పిమ్మట స్థిరపరుపవలయును. ఎన్నిక కానివానికి లోపమేమో మర్యాదగా తెలుపవలయును. అది తెలిసినవాడు మరునాటికి సరిదిద్దుకొనును.

ఇట్లు చేసిన మనవారికి కొలువులు తగ్గునని భయపడువారికి నా విన్నపము: ఆ భయమే నిజమైనచో, లోపము మన బిడ్డల చదువులో నున్నది. దానిని విద్యార్థి వేతనములచే, సాయంకాల పాఠములచే తీర్పవలయును గాని, రానివానికి పదవి నిచ్చి కాదు. సహాయము విద్యకు జేయుడు. పదవిని యోగ్యున కిండు. పోషకులారా! మీరు వసతిగృహమునకు ఇచ్చు రూపాయి ఈ రెండింటిలో దేనికి పోవుచున్నదో విచారింపుడు.

ఈ సూచనలను నేటి తీర్మానముల సంఘమున చర్చించి, మార్పులున్న చేసి, అంగీకరింప వేడుచు విరమించుచున్నాను. మన సంఘము వర్ధిల్లుగాక!