గోల్ ముందు నిలబడే బిడ్డను ఎలా ఎంచుకుందాం, ఎలా పెంచుకుందాం

(ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం క్రీడా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హాకీ ఆదివాసీలకు పరాయి ఆట కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి తొలి హాకీ స్వర్ణం వచ్చినప్పుడు జట్టు కెప్టెన్ ముండా బిడ్డ జైపాల్ సింగ్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు వినిపించిందీ ఆయనే. 1975లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో మైకేల్ కిండో ఉన్నారు. సుందర్‌గఢ్ నుంచి దిలీప్ తిర్కీ, లాజరస్ బార్లా, బీరేంద్ర లక్రా వచ్చారు. సిమ్‌డేగా నుంచి సలీమా టేటే వచ్చింది. వీరిలో ఎక్కువ మంది డిఫెండర్లు, గోల్ ముందు గోడ కట్టినవాళ్లు. ఆ గోడ వెనక నిలిచే గోల్‌కీపర్ల పేర్లు చెప్పమంటే మాత్రం మనం ఆగి ఆలోచించాల్సి వస్తుంది.

మాకు తోచిన మొదటి కారణం కిట్టు. స్టిక్కు వెదురుతోనైనా చేసుకోవచ్చు. మేకపోతు బహుమతిగా పెట్టి ఆడే జార్ఖండ్, ఒడిశా పల్లె పోటీల్లో అలా మొదలుపెట్టినవారు ఎందరో ఉన్నారు. హెల్మెట్, ఛాతీ గార్డు, కాళ్ల ప్యాడ్లు, కిక్కర్లు, గ్లవ్స్ ఇంట్లో చేసుకునేవి కావు. కేరళలో శ్రీజేష్ కిట్టు కోసం వాళ్ల నాన్న ఆవును అమ్మారు. అమ్మడానికి ఆవు కూడా లేని ఇంటి బిడ్డ సంగతేమిటి?

రెండో కారణం మన ఎంపిక. పరుగెత్తలేని పిల్లను, చివర మిగిలిన పిల్లవాణ్ణి గోల్‌లో నిలబెడతాం. ఇది తలకిందుల పద్ధతి. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్‌ఫ్లిక్ గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ వేగంతో బంతి 14 మీటర్లు రావడానికి అర సెకను పడుతుంది. అక్కడ నిలిచేది జట్టులో చురుకైన కాళ్లున్న బిడ్డ కావాలి.

అందుకే 12, 13 ఏళ్ల దాకా ఎవరినీ గోల్‌కీపర్ అని ముద్ర వేయవద్దు. అందరినీ వంతులవారీగా నిలబెట్టి చూడండి. శ్రీజేష్ కూడా పరుగు, లాంగ్‌జంప్, వాలీబాల్ ఆడాకే క్రీడా పాఠశాలలో గోల్‌లోకి వచ్చారు. చూడవలసినవి మూడు: బంతి వస్తుంటే ముఖం తిప్పుకుంటున్నాడా, పడ్డాక ఎంత త్వరగా లేస్తున్నాడు, గోల్ పడ్డాక మరుసటి బంతికి సిద్ధంగా ఉన్నాడా. అడవిలో పుట్టినవాళ్లకు చూపు పుట్టుకతోనే వస్తుందనే పొగడ్తను మేము నమ్మం. చూపు సాధనతో వస్తుంది.

సాధనకు ఒక చిన్న పద్ధతి చెబుతాం. రెండు గోల్ స్తంభాలకు రెండు తాళ్లు కట్టి, ఆ కొసలను బంతి దగ్గర కలపండి. పిల్లవాణ్ణి తాళ్ల మధ్య నిలబెట్టి ఒక్కో అడుగు ముందుకు రమ్మనండి. ముందుకు వచ్చేకొద్దీ రెండు పక్కలా ఖాళీ తగ్గడం వాడి కళ్లకే కనిపిస్తుంది. 3.66 మీటర్ల గోల్‌ను ఎగిరి దూకి కాయనక్కర్లేదని, సరైన చోట నిలబడితే సగం పని అయిపోతుందని అప్పుడు అర్థమవుతుంది. కిట్టు వచ్చేదాకా టెన్నిస్ బంతులతోనే సాధన చేయించండి. హెల్మెట్ లేని బిడ్డ ముందు గట్టి బంతి కొట్టించవద్దు.

ఇంకొక మాట. గోల్‌కీపర్‌కు మైదానమంతా కనిపిస్తుంది కనుక డిఫెండర్లకు కేక వేసి చెప్పాలి. మన పిల్లలు తెలుగులో తప్పు వస్తుందేమోనని నోరు మెదపరు. కోయలో అరవనివ్వండి, గోండిలో, సవరలో అరవనివ్వండి. జట్టుకు అర్థమైతే చాలు. ఇంటి భాషలో వచ్చిన ధైర్యం ఆటలోకీ వస్తుంది.

ప్రతి జట్టులో ఇద్దరు కీపర్లు ఉండాలి, ఇద్దరికీ మ్యాచ్‌లు దక్కాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన రజని ఎతిమరపు భారత జట్టులో చాలా కాలం సవిత వెనక రెండో కీపర్‌గానే ఉంది. ఓపిక పట్టింది. 2024లో హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పులో కెప్టెన్‌గా జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. కీపర్ పండటానికి ఏళ్లు పడతాయి. 2006లో దేశానికి ఆడటం మొదలుపెట్టిన శ్రీజేష్‌కు ఒలింపిక్ పతకం 2021లో టోక్యోలో దక్కింది. ఒక మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడ్డాయని మన బిడ్డను మార్చేస్తే ఆ ఏళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

సంఘాన్ని మేము కోరేది ఒక్కటే. ఈ ఏడాది సావనీర్ ప్రకటనల ద్వారా వచ్చే సొమ్ములో కొంత తీసి, పిల్లల కొలతలకు సరిపోయే రెండు కిట్లు కొందాం. అవి ఏ ఒక్కరి సొంతమూ కావు. ఊరి డోలు పండుగకు ఎలా చేతులు మారుతుందో అలా బడి నుంచి బడికి తిరగాలి. ఆ ప్యాడ్లు కట్టుకుని మన బిడ్డ ఎవరు నిలబడతారో చూద్దాం.