హాజరు పుస్తకంలో మన ప్రాంతం



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే చదివారు. మమ్మల్ని మాత్రం మన ఉత్తరాంధ్ర వాళ్ళం ఒకటేనని దేన్నిబట్టి అనుకుంటామో చెప్పమన్నారు.

"మీదేవూరమ్మా?" అని అడిగితే మా సంఘంలో సగంమంది ఒక్క క్షణం ఆగుతారు. మా అమ్మలు, అత్తలు కాపురం చేసిన ఊర్లు స్టీలు ప్లాంటు గోడ లోపల ఉండిపోయాయి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా లేచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1992లో ప్లాంటును జాతికి అంకితం చేశారు. ఈ మధ్యలో 64 ఊర్లు, 16 వేలకు పైగా కుటుంబాలు కదిలిపోయాయి. ఆర్ కార్డు పెట్టెలో దాచుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసినవాళ్ళు మీలో కూడా ఉన్నారు. అయినా 2021లో ప్లాంటు అమ్ముతామన్నప్పుడు భూమి పోయిన ఇళ్ళ ఆడవాళ్ళు కూడా రోడ్డు మీద కూర్చున్నారు. పోయిన భూమీ మనదే, లేచిన ప్లాంటూ మనదే అనుకున్నారు.

ఊరు పోయినా గుర్తు ఎక్కడుంటాదో చూడాలంటే సంఘం హాజరు పుస్తకం తీయండి. అప్పలనర్సమ్మ, నూకాలమ్మ, పైడితల్లి, సింహాచలం, సన్యాసమ్మ. గుంటూరులో ఏ సంఘం పుస్తకంలోనూ ఈ పేర్లు ఇన్ని కనబడవు. సింహాద్రి అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మ, విజయనగరం పైడితల్లి ప్రతి నెలా మన పుస్తకంలో సంతకాలు పెడుతున్నారు. కొందరు వేలిముద్రలు, అది వేరే సంగతి!

సింహాచలం కొండ పేరు, మగవాళ్ళ పేరు, ఆడవాళ్ళ పేరు కూడా. ఒక బ్యాంకుకి వేరే ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన సారు మా తీర్మానం చూసి "మహిళా సంఘంలో మగవాళ్ళేంటి?" అని లోను పక్కన పెట్టేశారు. ఇద్దరు సింహాచలాల్ని, ఒక పైడిరాజుని తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెడితే గాని కదల్లేదు. ఇప్పుడు నవ్వుతున్నాం గాని, ఆ పది రోజులూ బయట వడ్డీకి తెచ్చుకున్నవాళ్ళకి నవ్వు రాలేదు.

జిల్లాల సంగతి చూడండి. 1950 దాకా శ్రీకాకుళం, విశాఖ ఒకటే జిల్లా. 1979లో విజయనగరం వేరయింది. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. గీతలు మారాయి గాని, దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను చూడ్డానికి, కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి వెళ్ళేవాళ్ళు తగ్గలేదు. కోడలు టెక్కలి నుంచి వస్తాది, అల్లుడు చోడవరం నుంచి వస్తాడు.

మాట దగ్గరే మాకు భయంగా ఉంది. మన పిల్లలు కాలేజీలో "ఏటి", "బేగి" అనడం మానేశారు. ఇంటి నుంచి ఫోనొస్తే పక్కకెళ్ళి మాట్లాడతారు. సినిమాల్లో మన యాస నవ్వించడానికే వాడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? 1892లో విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ అప్పారావు గారు ఈ ప్రాంతం జనం మాటలతోనే రాశారని పిల్లలకి చెప్పండి. పేర్లూ అంతే. అప్పలనర్సమ్మ అనూష అవుతానంటే ఆ పిల్ల ఇష్టం. కాకపోతే ఆధార్‌లో ఒకటి, పాసుపుస్తకంలో ఒకటి ఉంటే లోను మాత్రం ఆగుతాది.

ఇంకో గొడవ ఉంది. ఒడిశా నుంచి, బీహార్ నుంచి పనికొచ్చి అద్దెకున్నవాళ్ళు సంఘంలో చేరతామంటే "మన ఊరోళ్ళు కాదు" అంటున్నారు. మా అమ్మవాళ్ళు కాలనీకి సామాన్లు దించినప్పుడు పక్కవాళ్ళు వాళ్ళనూ అదే అన్నారు. మధ్యలో వెళ్ళిపోతే అప్పెవరు కడతారన్న భయం న్యాయమైనదే. అందుకే ఆరు నెలలు పొదుపు కట్టించి, తర్వాత అప్పు ఇద్దామని మా సంఘం తీర్మానం రాసింది. మిగతా సంఘాలు కూడా దీని మీద మాట్లాడి, మీ మాటేటో సమాఖ్యకి రాసి పంపండి.

దాంతోపాటు హాజరు పుస్తకంలో పేరు పక్కన ఒక గడి గీసి, మీ పాత ఊరు పేరు రాయండి. ఒడిశా అయినా, గోడ లోపలి ఊరైనా రాయండి. పోయిన ఊర్ల పేర్లన్నీ చెప్పగలిగే ముసలమ్మలు మా కాలనీలో నలుగురే ఉన్నారు. వచ్చే నెల మీటింగుకి వాళ్ళని ఆటోలో తీసుకొస్తున్నాం.