చదువు, చీపురు, నాయకత్వము
(శతవార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగము)



కాలేజీ విద్యార్థులను సమాజసేవ ద్వారాను, పనిచేస్తూ చదువుకొనుట ద్వారాను నాయకులుగా ఎట్లు తీర్చిదిద్దవలెనో మాట్లాడమని కమిటీవారు నన్ను అడిగారు. ఒప్పుకున్నాను గాని మూడు రోజులు కాగితము మీద కలము కదలలేదు. కారణము చెబుతాను.

మూడేళ్ల క్రితము మా పాస్టరేటులోని కాలేజీ పిల్లల చేత పేటలో మురుగు కాలువ శుభ్రము చేయించాలని ఏర్పాటు చేశాను. ఆదివారము ఆరాధన తరువాత పని. శనివారము సాయంత్రము ఒక తండ్రి నా ఇంటికి వచ్చాడు. కూలిపని చేసుకొని బ్రతికే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. "అయ్యగారూ, మా నాన్న ఆసామి దొడ్డి ఊడ్చాడు. నేనూ ఊడ్చాను. నా కొడుకు ఊడ్వకూడదనే కదండీ డిగ్రీలో చేర్చాను. మీరు మళ్లీ వాడి చేతికి చీపురు ఇస్తానంటే ఎట్లాగండీ?" అన్నాడు.

శిష్యుల పాదములు కడిగిన ప్రభువును గూర్చి నేను ఎన్నో ప్రసంగములు చేశాను. ఆ సాయంత్రము ఒక్క మాట నోట రాలేదు. కాలువ పని మానుకున్నాము.

మన సంఘములలో ఎక్కువమంది ఏ పల్లెల నుండి వచ్చారో దాచుకొనవలసినది ఏమీ లేదు. తరతరాలు కూలి అడిగే హక్కు కూడ లేక వెట్టి చేసిన ఇండ్ల నుండి వచ్చాము. ఆ ఇండ్ల పిల్లలకు మిషను బోర్డింగు పలక ఇచ్చింది, పుస్తకము ఇచ్చింది. ఎన్నడూ వంగని నడుము గలవారికి శ్రమ గౌరవమును గూర్చి బోధించవచ్చును. వంగి వంగి విసిగిన వారికి అదే బోధ చేస్తే అది వారి చెవికి మరొక విధముగా వినబడుతుంది.

నా సంగతీ చెప్పాలి. నేను చదివిన హాస్టలులో రెండు రకాల పిల్లలు ఉండేవారు, ఫీజు కట్టినవారు, రాయితీవారు. రాయితీవాళ్లము తెల్లవారుజామున లేచి నీళ్లు తోడి, మెస్సు కడిగి, వరండాలు ఊడ్చేవాళ్లము. ఫీజు కట్టినవారు ఆ వేళ దీపము క్రింద చదువుకొనేవారు. పరీక్షల రోజులలో కూడ ఇంతే. దానికి శ్రమ శిక్షణ అని మంచి పేరు పెట్టారు. ఆ శిక్షణలో మేము నేర్చుకున్నది ఒక్కటే, డబ్బుంటే పని తప్పుతుందని. నాలో నాయకుడు ఎవడైనా పుట్టి ఉంటే ఆ మెస్సులో మాత్రము పుట్టలేదు.

కనుక చీపురు తప్పు కాదు. కొందరు దానిని తప్పించుకొనగలగడము తప్పు.

అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రములో బెరియా అను కాలేజీ ఉన్నది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములోని బెరయ పట్టణము పేరే అది. బానిసత్వమును ఎదిరించిన జాన్ ఫీ అను బోధకుడు 1855లో దానిని స్థాపించాడు. సకల జనులను దేవుడు ఒకే మూలము నుండి పుట్టించెనని అదే అధ్యాయము 26వ వచనములో ఉన్న మాటను వారు తమ ధ్యేయవాక్యముగా పెట్టుకున్నారు. అంతర్యుద్ధము తరువాత నల్లవారు, తెల్లవారు అక్కడ ఒకే తరగతిలో కూర్చున్నారు. 1904లో ఆ రాష్ట్రము అట్లు కలిసి చదువరాదని చట్టము చేసింది. కాలేజీ సుప్రీం కోర్టు వరకు వెళ్లి 1908లో ఓడిపోయింది. 1950లో ఆ చట్టమును సవరించిన తరువాతనే నల్లజాతి పిల్లలకు మళ్లీ తలుపు తెరువగలిగారు.

1892 నుండి అక్కడ విద్యార్థుల వద్ద చదువు ఫీజు తీసుకొనరు. ప్రతి విద్యార్థి వారానికి కనీసము పది గంటలు పని చేస్తాడు. వంటశాల, పొలము, గ్రంథాలయము, ఆఫీసు, ఎక్కడైనా కావచ్చును. పనికి జీతము ఉన్నది, చదువుకు వలెనే పనికీ మదింపు ఉన్నది. డబ్బు కట్టి తప్పించుకొనే దారి లేదు. ఇంకొక సంగతి చదివి నాలో నేను నవ్వుకున్నాను. ఆ కాలేజీలో 1920 నుండి విద్యార్థులు చీపుర్లు తయారు చేస్తున్నారు! వాటిని కొనేవారు ఆ పనితనము చూసి మెచ్చుకొని కొంటారు. మా ఊరి తండ్రికి ఆ సంగతి చెప్పాలనుకున్నాను గాని ధైర్యము చాలలేదు. ఒక్క మాట ఒప్పుకోవాలి. అక్కడ చేర్చుకొనేది ఎక్కువగా పేదింటి పిల్లలనే గనుక వారికి ఈ పద్ధతి సులువు. ఫీజు కట్టే తల్లిదండ్రులను ఒప్పించవలసిన బాధ మనకున్నది.

అంత దూరము పోనక్కరలేదు. పొరుగున మహారాష్ట్రలో భావూరావ్ పాటిల్ గారు 1919లో రయత్ శిక్షణ సంస్థ స్థాపించి, 1924లో సతారాలో అన్ని కులముల పిల్లలను ఒకే హాస్టలులో ఉంచారు. వారు కలిసి పని చేశారు, కలిసి వండుకున్నారు, కలిసి తిన్నారు. సంపాదిస్తూ చదువుకో అన్నది ఆయన పద్ధతి. గాంధీ గారు 1927లో అక్కడికి వచ్చి చూశారు. ఆయన క్రైస్తవుడు కాడు. సహపంక్తిని మన పేటెంటు అనుకొనే మనము కొంచెము సిగ్గుపడవచ్చును.

మన కాలేజీలలో నేషనల్ సర్వీస్ స్కీము లేదా అంటారు. ఉన్నది. 1969లో గాంధీ శతజయంతి సంవత్సరమున 37 విశ్వవిద్యాలయములలో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ అందులో నియమము. లెక్క వేస్తే వారానికి రెండున్నర గంటలు కూడ కాదు. మనసు పెట్టి చేసినచోట ఎంతో మేలు జరిగింది. కాని బ్యానరు కట్టి, ఫోటో దిగి, ఊడ్చిన చోటనే మళ్లీ ఊడ్చి సర్టిఫికెట్టు తీసుకొనడమూ మనము ఎరుగుదుము.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము తీయండి. పేర్ల పట్టిక అని మనము దాటిపోతాము. ప్రాకారము కట్టినవారిలో యాజకులున్నారు, కంసాలులున్నారు, పరిమళద్రవ్యములు చేసేవారున్నారు. షల్లూము అను అధిపతి, అతని కుమార్తెలు కూడ రాళ్లు ఎత్తారు. తెకోవ ఊరివారు కట్టారు గాని వారిలోని ఘనులు మెడ వంచలేదని అయిదవ వచనములో ఉన్నది. పని ఎగవేసినవారి సంగతి కూడ లేఖనములోకి ఎక్కింది! ఎవరి ఇంటి ఎదుట వారు కట్టుకున్నారని కూడ ఉన్నది. ఎక్కడ పడిపోయిందో ఆ ఇంటివారికే బాగుగా తెలుసు కదా.

అది చదివిన తరువాత, ఏ పని చేయాలో నేను నిర్ణయించడము మానుకొని పిల్లలనే అడిగాను. కాలువ మాట ఒక్కరూ ఎత్తలేదు. "కాగితాలు, అయ్యగారూ" అన్నారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పింఛన్లు, ఒక కార్డులో ఒక పేరు, ఇంకొక కార్డులో ఇంకొక పేరు. ఆదివారము మధ్యాహ్నము చర్చి వరండాలో ఒక బల్ల వేశాము. ఒక్కొక్కరికి పది ఇండ్లు. రిజిస్టరు వ్రాసేవారికి సంఘము నుండి నెలకు కొద్దిపాటి వేతనము ఇస్తాము, ఇచ్చినట్లు సంతకము తీసుకుంటాము.

డిగ్రీ రెండవ సంవత్సరము అమ్మాయి ఒకతె ఉండేది. ప్రార్థన చేయమంటే తల వంచుకొని కూర్చొనేది. ఆమె వంతు ఇండ్లలో ఒక విధవరాలి పింఛను పేరు తేడా వలన ఆగిపోయింది. ఆ పిల్ల నాలుగు సార్లు మండలాఫీసుకు వెళ్లింది. మొదటిసారి నేను వెంట వెళ్లాను, నాలుగవసారి నన్ను రావద్దన్నది. పింఛను వచ్చింది. ఆ పిమ్మట ఆమె మా పాస్టరేటు కమిటీలో లేచి, "యువజన ఫండు లెక్క మాకు ఎప్పుడు చూపిస్తారండీ?" అని అడిగింది. కోశాధికారి గారు నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. నాయకులు కావాలని ప్రార్థించేవారు ఇటువంటి ప్రశ్నకు సిద్ధపడే ప్రార్థించాలి. మరుసటి నెల లెక్క చూపించాము. కొంచెము సర్దవలసి వచ్చింది, సర్దాము.

కిందటి వానలకు కాలువ పొంగింది. ఈసారి పిల్లలే వచ్చారు. "చేద్దామండీ, మీరూ కమిటీవారూ దిగితేనే" అన్నారు. దిగాము. ఆ తండ్రి రాలేదు. కొడుకును మాత్రము ఆపలేదు.

డయాసిస్ కౌన్సిలువారిని నేను అడిగేది పెద్దది కాదు. రాయితీకి బదులుగా పని చేయించే పద్ధతి ఏ హాస్టలులో మిగిలి ఉన్నా ఈ శతవత్సరములో తీసివేయండి. పని అందరికీ పెట్టండి, లేదా ఎవరికీ పెట్టకండి. అందరి వంతుకు మించిన పని చేసినవారికి కూలి ఇవ్వండి. మెస్సు లెక్కల పుస్తకము విద్యార్థుల చేతికివ్వండి. దీనికి ఖర్చవుతుందని తెలుసు. ఉత్సవముల బడ్జెటులో ఆర్చీలకు వ్రాసిన మొత్తము ఒకసారి చూడమని మనవి.

మా పాస్టరేటు ఆవరణలోని హాస్టలు జూనులో తెరుస్తాము. గోడకు అతికించే పనుల పట్టికలో సోమవారము, మెస్సు కడుగుట అన్నచోట మొదట నా పేరు వ్రాయమని మా వార్డెను గారికి చెప్పి వచ్చాను.